పీపా మహారాజా, నీ దాతృత్వానికో దండం!

అమెరికాలో మనవాళ్ల ఇంట పిల్లాడి గ్రాడ్యుయేషన్ కానీ, కొత్తింటి విందు కానీ, సూపర్ బౌల్ ఆట కానీ, నువ్వు లేనిదే పెరడుకు కళ రాదు. ఐసు టబ్బులో కొలువుదీరి, నెత్తిన పంపు కిరీటంతో వెలిగిపోయే బీరు పీపా మహారాజా, నీ గుణగణాలు కీర్తించడానికి ఒక్క నోరు చాలదు. అయినా నాకు చేతనైనంత కీర్తిస్తాను.

నీ రాకే ఒక ఊరేగింపు. నిండుగా ఉంటే దాదాపు 73 కిలోలు తూగుతావు. సామాను దింపడానికి పిలిస్తే పలకని చేతులు నిన్ను దింపడానికి మాత్రం పోటీపడి ముందుకొస్తాయి. కాలిఫోర్నియాలో అయితే దుకాణంవాడు కొన్నవాడి గుర్తింపు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని, నీకు నంబరు చీటీ తగిలించి మరీ పంపుతాడు. నీలోది మైనర్ల చేతికి చేరితే బాధ్యుడెవరో తెలియాలి కదా! పూచీ గృహస్థుది, పూజ నీది.

ఇక నీ దాతృత్వం! హాఫ్ బ్యారెల్ అని పిలిచే నీ నిండు రూపంలో 15.5 గ్యాలన్లు, అంటే 58 లీటర్ల పైచిలుకు పడుతుంది. 12 ఔన్సుల గ్లాసుతో కొలిస్తే 165 గ్లాసులు. తాగేవాళ్లు 20 మంది వచ్చారనుకుంటే తలకు ఎనిమిది దాటుతాయి. ‘వాళ్లింట్లో తక్కువైంది’ అనే మాట పడకూడదని భయపడే మన గృహస్థుకు నీకంటే దిక్కెవరు?

దాతృత్వాన్ని మించింది నీ ఔదార్యం. నువ్వు ఎవర్నీ లెక్క అడగవు. సీసాకు అంత పెద్దమనసు లేదు. ఖాళీ అయ్యాక కూడా బల్లమీద నిలబడి ‘నేను నాలుగోదాన్ని’ అని సాక్ష్యం చెబుతుంది. నీ దగ్గర సగమైన కప్పు మళ్లీ నిండుతుంది, సాక్ష్యం ఎక్కడా మిగలదు. ఆ ఎర్ర ప్లాస్టిక్ కప్పులో సులువుగా 16 ఔన్సులు పడతాయి. ‘మూడు కప్పులే పుచ్చుకున్నా’ అని చెప్పే పెద్దమనిషి అబద్ధమాడటం లేదు, కానీ ఆయన ఒంట్లోకి వెళ్లినవి నాలుగు గ్లాసులు. నీలో ఉన్నది 5 శాతం మామూలు బీరు కాక 7 శాతం ఐపీఏ రకం బీరు అయితే, ఆ నాలుగూ ఐదున్నర పెట్టు.

రేపటికి దాచుకునే లోభం నీకు లేదు. చేతిపంపు కొట్టిన ప్రతిసారీ నీలోకి బయటిగాలి దూరుతుంది. అందులోని ఆక్సిజన్ మర్నాటికల్లా రుచి చెడగొడుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తగిలిస్తే వారాలు నిలుస్తావు గానీ, ఒక్క రాత్రి పండగకు అదెవరు తెస్తారు? అందుకే పదకొండు దాటాక ఇంటాయన కప్పులు పట్టుకుని తిరుగుతాడు. ‘ఇంత మిగిలింది, పారబోయాలా? ఇంకొక్కటి పుచ్చుకోండి అన్నయ్యా!’ చాలన్నవాడి చేత కూడా తాగించే శక్తి నీది.

నీ గురుత్వాన్ని మరిస్తే పాపం తగులుతుంది. పన్నెండేళ్ల పిల్లాడు నీ పక్కన నిలబడి ఉంటాడు. ‘బాబాయ్‌కి ఓ కప్పు పట్టరా నాన్నా’ అంటారు పెద్దలు. కప్పు ఏటవాలుగా వంచి, బీరు గోడవెంట జారేలా పట్టి, చివర్లో నిటారు చేసి వేలెడు నురగ నిలపడం వాడికి ఒక్క సాయంత్రంలో పట్టుబడుతుంది. నురగ ఎక్కువైతే నువ్వు వెచ్చబడ్డావని కనిపెట్టి, పైన ఇంకాస్త ఐసు వేస్తాడు. చట్టం 21 ఏళ్లదాకా ఆగమంది. నువ్వు ఆగమనవు.

అన్నిటికంటే గొప్పది నీ వీడ్కోలు. అర్ధరాత్రి వేళ అతిథులు తాళంచెవులు తీసి, నిద్రపోయిన పిల్లల్ని వెనకసీట్లో పడుకోబెట్టి, బెల్టులు బిగిస్తారు. ఒళ్లు గంటకు సుమారు ఒక్క గ్లాసునే అరాయించుకోగలదు. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. దారిలో పోలీసు ఆపితే కేసు నడిపినవాడి మీద. ఆపకముందే జరగరానిది జరిగితే ఏడుపు రెండిళ్లలో. నీకు మాత్రం ఏ మచ్చా అంటదు. పొద్దున్నే దుకాణానికి తిరిగివెళ్లి డిపాజిట్ సొమ్ము వాపసు ఇప్పిస్తావు.

స్తుతి చాలు. ఇక మనలో మాట. పీపాకు నోరు లేదు, లెక్క చెప్పాల్సింది మనమే. పిలిచినవాళ్లలో తాగేవాళ్లెందరో ముందే అడగండి. ఇరవైమందికి 55 గ్లాసులిచ్చే సిక్స్త్ బ్యారెల్ అనే చిన్న పీపా చాలు. 12 ఔన్సుల కప్పులే కొనండి. పంపు దగ్గర తాగని పెద్దమనిషిని ఒకర్ని నిలబెట్టండి, పిల్లల్ని కాదు. భోజనం ముందే పెట్టండి. అందరూ బయల్దేరడానికి రెండు గంటల ముందే పంపు ఊడదీయండి. ఎవరు ఎవర్ని దింపుతారో మొదటి కప్పు నింపకముందే తేల్చండి. కుదరనివాళ్లకు మీ హాల్లో పక్కలు వేయండి.

మిగిలిన బీరు పారబోస్తే పోయేది కొన్ని డాలర్లు. ఆ నష్టానికి మనసొప్పనివాళ్లు అసలు పీపా కొనకండి.