వైకింగుల వాంగ్మూలం
2024 ఏప్రిల్ 30న కోల్‌కతా అలీపూర్‌లో ఎండ 43 డిగ్రీలు కొట్టింది. ఏప్రిల్‌లో అంత వేడి ఆ ఊరు చూసి అప్పటికి డెబ్భై ఏళ్లయింది. ఇలాంటి రోజుల్లో మట్టి ముంతలో చాయ్ చల్లారకముందే ఏ చరిత్రప్రియుడో గొంతు సవరించుకుంటాడు: 1954 ఏప్రిల్‌లో 43.3 కొట్టలేదా? కొట్టింది. అక్కడితో ఊరుకుంటే పేచీ లేదు. ఆయన అట్నుంచి ఒక్క గెంతులో పదో శతాబ్దంలో పడి, గ్రీన్‌లాండ్‌లో కాపురం పెట్టిన వైకింగు ఎరిక్ ద రెడ్‌ను, ఇంగ్లండ్ ద్రాక్షతోటలను సాక్ష్యానికి లాక్కొస్తాడు. అప్పుడు కార్లు లేవు, బొగ్గు కరెంటు లేదు, అయినా భూమి వేడెక్కింది. కనుక ఇప్పటి వేడితో మనకు సంబంధం లేదు. కేసు కొట్టివేత. అలీపూర్‌లో కోర్టూ ఉంది గానీ, అక్కడ ఇంత త్వరగా తీర్పు రాదు.

ఈ లెక్కన బెంగాల్‌లో ఇంకో కేసు కూడా కొట్టేయొచ్చు. 1770లో వానలు లేక కరువొచ్చింది, కాబట్టి 1943 కరువూ దైవికమే, దొరలు నిర్దోషులు. ఈ మాట కాలేజీ స్ట్రీట్‌లో నిలబడి అని చూడండి! 1943లో తిండిగింజలు 1941 కంటే తక్కువేమీ లేవని, కొనే శక్తి పోయి జనం చచ్చారని అమర్త్య సేన్ 1981లోనే రాశారు. 2019లో గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు నేలలో తేమ లెక్కలు కట్టి, ఆ కరువు అనావృష్టి వల్ల వచ్చింది కాదని తేల్చారు. చావులు ఒకలాగే కనిపించినా చంపింది ఎవరో విచారిస్తేనే తెలుస్తుంది.

వేడి విషయంలోనూ ఆ విచారణ జరిగింది. ఆ పాత వేడికి మధ్యయుగపు వేడి అని 1965లో వాతావరణ శాస్త్రవేత్త హ్యూబర్ట్ లాంబ్ పేరు పెట్టింది ప్రధానంగా యూరప్ ఆధారాలు చూసి. భూగోళమంతటి ఆధారాలూ పోగేసి 2019లో ‘నేచర్’ పత్రికలో వేసిన లెక్క ప్రకారం ఆ వేడి ఒక్కోచోట ఒక్కో శతాబ్దంలో వచ్చింది. గత రెండు వేల ఏళ్లలో అతి వేడి కాలం మాత్రం 98 శాతం భూమి మీద ఇరవయ్యో శతాబ్దమే.

పోనీ, చరిత్రప్రియుల మాటే ఖాయం చేద్దాం. అప్పుడు భూమంతా భగ్గుమందనే అనుకుందాం. దేనివల్ల? అప్పట్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 280 దగ్గరే ఉంది. సూర్యుడు కాస్త చురుగ్గా ఉన్నాడు, అగ్నిపర్వతాలు కాస్త కునుకు తీశాయి, అంతే. అంత చిన్న తోపుకే భూమి అంత వేడెక్కితే, అది చిటికేస్తే ఉలిక్కిపడే రకమన్నమాట. అలాంటిదాన్ని మనం ఆ 280ని 420 దాటించి తోస్తున్నాం. పైగా 1980ల నుంచి సూర్యుడి వేడిమి పెరగకపోయినా ఇక్కడ వేడి పెరుగుతూనే ఉంది. పాత వేడిని ఎంత పెంచి చెబితే రాబోయే వేడి అంత పెరుగుతుంది. తమ సాక్షి ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో మన చరిత్రప్రియులు ఒక్కసారీ అడిగినట్టు లేదు.

మిగిలింది సిమెంటు వాదం. 1950 నుంచి 2018 వరకు కోల్‌కతా 2.6 డిగ్రీలు వేడెక్కిందని 2021లో ఐరాస వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ చెబితే, అది ఊరి వేడి, భూమిది కాదంటారు. అందులో కొంత నిజముంది, ఐపీసీసీ కూడా కాదనలేదు. చెరువులు పూడ్చి ఫ్లాట్లు లేపితే రాత్రిళ్లు ఉక్కపోయక ఏమవుతుంది? అయితే అదీ మన చేతి పనే. ఇక బంగాళాఖాతంలో ఎవరూ ఫ్లాట్లు కట్టలేదు, అదీ వేడెక్కుతూనే ఉంది.