నాలుగు కిలోల డబ్బాలో నాలుగొందల ఆంప్స్

కరెంటు కొరత గురించి ఇక ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. మందు దొరికింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్ దగ్గరో ఏ టూల్స్ షాపు ముందు నిలబడినా కనిపిస్తుంది. చెప్పుల జోళ్ళు నాలుగు పట్టేంత అట్టపెట్టె, దాని మీద నిప్పురవ్వలు చిమ్ముతున్న బొమ్మ, ఆ బొమ్మ మీద అడ్డంగా ఎర్రంకెలు: 400. పక్కన 'ఆంప్స్'. లోపలున్న వెల్డింగ్ మిషన్ నాలుగు కిలోలు తూగుతుంది. భుజాన తగిలించుకోవడానికి పట్టీ కూడా ఇస్తారు. ఇంట్లో గీజర్ పెట్టుకునే ప్లగ్గులో పెడితే చాలు, నాలుగొందల ఆంపియర్లు ధారగా వస్తాయట.

లెక్క చూద్దాం. పెద్ద చదువేమీ అక్కర్లేదు, హెచ్చవేత వస్తే చాలు. వెల్డింగ్ మిషన్లకు ఐఈసీ 60974-1 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. రాడ్డుతో చేసే వెల్డింగ్‌కి వోల్టేజీ ఎంతని లెక్కగట్టాలో అందులో చెప్పారు. ఆంపియర్లను 0.04తో హెచ్చవేసి, 20 కలపాలి. 400 ఆంపియర్లకు 36 వోల్టులు వస్తాయి. ఈ రెండూ హెచ్చవేస్తే 14,400 వాట్లు. ఇది రాడ్డు కొస దగ్గర మాట. మిషన్ వేడెక్కడానికి తినే వాటా కలుపుకుంటే గోడ నుంచి పదిహేడు కిలోవాట్ల దాకా లాగాలి. అంటే 230 వోల్టుల మీద ఎంత తక్కువ వేసుకున్నా 74 ఆంపియర్లు. గీజర్ ప్లగ్గేమో 16 ఆంపియర్లది. దాని సత్తా 3,680 వాట్లు.

మూడున్నర కిలోవాట్లు పోస్తే పద్నాలుగు కిలోవాట్లు పిండి ఇచ్చే యంత్రమన్నమాట! శ్రీశైలంలో నీటిమట్టం ఎంతుందని పేపర్లో వెతుక్కోవడం దేనికి? ఈ డబ్బాలు ఓ లారీడు తెచ్చి వరసగా పేర్చి గ్రిడ్డుకి తగిలిస్తే రాష్ట్రం గట్టెక్కుతుంది. మిగిలిన కరెంటు పక్క రాష్ట్రానికి అమ్ముకోవచ్చు కూడా.

ఈ అంకెల జాతర మనకు కొత్త కాదు. తొంభైల్లో టేప్ రికార్డర్లు కొన్నవాళ్ళకు పీఎంపీఓ వాట్లు గుర్తుండే ఉంటాయి. పెద్ద టార్చిలైటు బ్యాటరీలు ఆరు వేస్తే పాడే సెట్టు మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని వెండి రంగు స్టిక్కరు అంటించేవారు. పక్కింటికి కూడా పాట వినపడేది కాదు, స్టిక్కరు మాత్రం వీధి చివరిదాకా మెరిసేది. ఆ స్టిక్కరు చనిపోయిందనుకున్నాం. అది వెల్డింగ్ మిషన్ల మీద పుట్టింది.

బేరం ఇలా సాగుతుంది.

"సార్, ఇది 400 ఆంప్స్. ఫుల్ హెవీ."

"ఇంటి ప్లగ్గు మీద నడుస్తుందా?"

"ఫ్రిజ్ నడుస్తుందా సార్ మీ ఇంట్లో? అయితే ఇదీ నడుస్తుంది."

"డ్యూటీ సైకిల్ ఎంత?"

"ఫుల్ డ్యూటీ సార్. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కొట్టుకోవచ్చు."

"ఆ 200ది ఎట్లా ఉంటుంది?"

ఇక్కడ కొట్టాయన ఒక్క క్షణం ఆగి, కొనే మనిషిని కిందినుంచి పైదాకా చూసి, జాలిగా అంటాడు: "అది ఇళ్ళల్లో వాళ్ళు తీసుకుంటారు సార్."

కొనడానికి వచ్చింది ఇంట్లో వాడే. బ్యాంకులో ఉద్యోగం, ఆదివారం తీరిక, డాబా మీద రేకుల షెడ్డు. అయినా ఆ మాట పడ్డాక 200ది ఎలా పట్టుకెళ్తాడు? వందకాగితం ఎక్కువ పెట్టినా పరువు దక్కాలి కదా. నాలుగొందలది చంకన పెట్టుకుని బయటపడతాడు. ఏం చేస్తావు దీంతో అని ఇంట్లో అడిగితే, "చాలా పనులున్నాయి" అంటాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ చాలా పనులేమిటో చూద్దాం. ఊడిపోయిన గేటు బందు. కూలర్ స్టాండు. పూలకుండీలకు మెట్ల స్టాండు. మహా అయితే వాటర్ ట్యాంకు కింద యాంగ్లర్ల ఫ్రేము. వీటిలో ముప్పాతిక మువ్వీసం అంగుళం స్క్వేర్ పైపు పనే. 18 గేజ్ అయితే గోడ మందం 1.2 మిల్లీమీటర్లు, 16 గేజ్ అయితే 1.6. అంత పల్చటి పైపుకి రెండు మిల్లీమీటర్ల రాడ్డు పెట్టి నలభై నుంచి అరవై ఆంపియర్ల మధ్య కొట్టాలి. కొంచెం మందం ఉంటే పన్నెండో నంబరు రాడ్డు, అంటే రెండున్నర మిల్లీమీటర్లది, డెబ్భై ఎనభై మీద హాయిగా కరుగుతుంది. ట్యాంకు ఫ్రేముకి పదో నంబరు రాడ్డు వాడితే నూటపది, నూట ఇరవై. ఇల్లు మొత్తం వెతికినా ఇంతకు మించి కరెంటు అడిగే ఇనుము దొరకదు. నాలుగొందల ఆంప్స్ నిజంగా పుట్టేవే అయితే వాటితో ఓడలు కట్టే చోట పని, ఒకటో అంతస్తులో కూలర్ స్టాండుకి కాదు.

విశేషమేమిటంటే, గోడ ప్లగ్గు నిజాయితీగా ఇవ్వగలిగిందీ దాదాపు అంతే. చవక ఇన్వర్టర్ మిషన్ల పవర్ ఫ్యాక్టర్ అంత గొప్పగా ఉండదు. ఆ నష్టం తీసేసి లెక్కగడితే 16 ఆంపియర్ల ప్లగ్గు మీద రాడ్డు దగ్గరకు చేరేది తొంభై ఆంపియర్లు. మిషన్ మేలుదైతే నూట ఇరవై. కాసేపు ఎంసీబీ ఓర్చుకుంటుంది కాబట్టి ఇంకొంచెం లాగొచ్చు. అంటే ఇంటి పనికి కావలసిందీ ఇంటి గోడ ఇచ్చేదీ చక్కగా సరిపోయాయి. మధ్యలో ఆ ఎర్రంకెకు పనేమిటి?

"కెపాసిటీ ఎక్కువుంటే మంచిదేగా, మిషన్ మీద భారం పడదు" అనేవాళ్ళుంటారు. మాట సబబే, ఆ కెపాసిటీ లోపల ఉంటే. అట్ట మీద ఉన్న కెపాసిటీ అట్టనే చల్లగా ఉంచుతుంది. లోపల కరెంటుని తెంపి అతికే ఐజీబీటీలకు అట్ట మీద ఏం అచ్చేశారో తెలియదు.

ఇక అసలు దాచిపెట్టే సంగతి వేరే ఉంది. ఆంపియర్ల పక్కన డ్యూటీ సైకిల్ అని ఒక శాతం అంకె ఉండాలి. పెట్టె మీద కనపడదు. సరైన మిషన్‌కి వెనకవైపు రేకు మీద చిన్నచిన్న గళ్ళల్లో రాసి ఉంటుంది. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా కాల్చొచ్చో చెప్పేది అదే. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి. అదే 200 దగ్గర 20 శాతమని ఉంటే రెండు నిమిషాలు కాల్చి ఎనిమిది నిమిషాలు కూచోవాలి. ఆగకుండా నడపాలంటే అలాంటి మిషన్ నిజం విలువ తొంభై ఆంపియర్లకు కొంచెం తక్కువ. ఒకే 200, రెండు జాతులు. ఆంపియర్లు చెప్పి శాతం చెప్పకపోవడమంటే జీతం చెప్పి నెలకా ఏడాదికా చెప్పకపోవడమే.

అదీ గాక ఆ శాతం 40 డిగ్రీల వేడిలో కొలిచింది. మే నెలలో రెంటచింతలలో నీడపట్టునే అంతకు మించి ఉంటుంది, మనవాడు పనిచేసేది డాబా మీద రేకుల కింద. పక్కనే గ్రైండర్ పెట్టి ఇనుము కోస్తుంటాడు. మిషన్ వెనక ఫ్యాను ఆ ఇనుపరజను లోపలికి పీల్చి, సర్క్యూట్ బోర్డు మీద పల్చగా పరుస్తుంది. ఒకరోజు 'ఫట్' మంటుంది. తీసుకెళ్తే మెకానిక్ మూత విప్పి, ఆ నల్లటి పొర మీద వేలు పెట్టి రాసి, "కార్డు పోయింది సార్" అంటాడు. కొత్త కార్డు రేటు విన్నాక మళ్ళీ కొట్టాయన దగ్గరికే దారి. ఈసారి 450 వచ్చిందంటాడు.

ఎదురుగా ఎర్రంకెలు వెలిగే మీటరు ఉంటుందిగా, అది చూపిస్తోందిగా 380 అని మీరనొచ్చు. చాలా చవక మిషన్లలో అది చూపించేది నాబ్ ఎంతవరకు తిప్పారో మాత్రమే, ఎంత కరెంటు పారుతోందో కాదు. రాడ్డు ఇనుముని తాకకముందే 380 చూపించే మీటరు దేన్ని కొలుస్తోందంటారు? నిజం తెలుసుకోవాలంటే హోల్డర్ కేబుల్‌కి క్లాంప్ మీటరు తగిలించాలి. అది కూడా డీసీ కొలిచేది కావాలి. ఇన్వర్టర్ మిషన్ నుంచి వచ్చేది డీసీ, మామూలు ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే ఏసీ క్లాంపు దాన్ని పట్టలేదు. అబద్ధం ఇన్నేళ్ళు బతికిందంటే ఇదొక కారణం.

కేబుల్ అన్నాను గనక అదీ చూడండి. రెండొందల ఆంపియర్లు నిజంగా పారాలంటే పాతిక చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. పెట్టెలో వచ్చేది మెత్తగా, తేలిగ్గా, పాము పిల్లలా ఉంటుంది. కొసన రబ్బరు కొంచెం వెనక్కి తీసి ఒక పోగుని బ్లేడుతో గీకితే ఎర్ర రంగు కింద తెల్లగా అల్యూమినియం బయటపడుతుంది. రాగి పూతన్నమాట. పొడవు మీటరున్నర. గేటు పైబందు అతకాలంటే మిషన్ని మెళ్ళో వేసుకోవాలి. భుజాన పట్టీ ఎందుకిచ్చారో అప్పుడు అర్థమవుతుంది.

ఇదంతా చదివి ఇన్వర్టర్ మిషన్లే దండగ అనుకునేరు. కాదు. పాత వెల్డింగ్ సెట్టు మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది, లోపల ట్రాన్స్‌ఫార్మరు 50 హెర్ట్జ్ మీద పనిచేసేది గనక. ఇప్పుడు కరెంటుని సెకనుకి వేలసార్లు తెంపి అతుకుతారు, అందుకే ట్రాన్స్‌ఫార్మరు గుప్పెట్లో పట్టేంతైంది. తేలిక అనేది మోసం కాదు, మంచి ఇంజినీరింగ్. దాని నెత్తిన నాలుగొందలు రుద్దడమే మోసం. అదే మిషన్ మీద 'పన్నెండో నంబరు రాడ్డుకి భేషుగ్గా సరిపోతుంది' అని రాసి అమ్మొచ్చుగా? అమ్మరు. నిజం రాస్తే పక్కషాపులో 400 రాసినవాడి దగ్గరికి మనమే పోతాం.

మిగ్గు, టిగ్గు, రాడ్డు వెల్డింగులు మూడూ ఒకే డబ్బాలో అనే రకం ఇంకో బాపతు. అందులో టిగ్గు డీసీ మీదే నడుస్తుంది. అల్యూమినియానికి ఏసీ టిగ్గు కావాలి, కాబట్టి ఇంట్లో చిల్లుపడ్డ గిన్నెల మీద ఆశ వదులుకోండి. గ్యాసు లేని మిగ్గు పొగ మాత్రం దండిగా ఇస్తుంది.

పెట్టెలో ఉచితంగా ఇచ్చే ప్లాస్టిక్ మాస్కు గురించి మాత్రం నవ్వులాటగా రాయలేను. దాని అద్దం మీద 10 అనో 11 అనో షేడు నంబరు లేకపోతే పారేయండి. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటిపొరను కాలుస్తాయి. కొన్ని గంటల దాకా ఏమీ తెలియదు. అర్ధరాత్రి కళ్ళు తెరవలేక లేచి కూచుంటారు. అలాగే జీఐ పైపు మీద తెల్లటి జింకు పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే ఆ పొగకు సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. పెట్టె మీద నిప్పురవ్వల బొమ్మకు దొరికిన చోటు ఈ రెండు ముక్కలకు దొరకలేదు.

మరి కొనేదేమిటి అంటారా? ఇంటి గోడని అడగండి, తర్వాత రాడ్డుని అడగండి. 16 ఆంపియర్ల ప్లగ్గు, దాని వెనక నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎక్స్‌టెన్షన్ వాడితే చుట్ట మొత్తం విప్పి పరచడం. పదో నంబరు రాడ్డుని ఆగి ఆగి, పన్నెండో నంబరుని ఆపకుండా కాల్చగలిగే మిషన్. వెనక రేకు మీద శాతం రాసి ఉండాలి. ఊళ్ళోనే కార్డు మార్చేవాడుండాలి. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ 180కి దిగుతుంది గనక అంతలో కూడా ఆర్క్ నిలుస్తుందో లేదో షాపులోనే అడగాలి. ముఖ్యంగా కొట్టాయన్ని ఓ రాడ్డు మొత్తం మీ ఎదురుగా కాల్చి చూపించమనండి. ఒక్క టాకా వేసి చాలంటే వచ్చేయండి.

మా వీధి చివర గ్రిల్స్ షాపు కుర్రాడి మిషన్ మీద నాబ్ చుట్టూ అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. పని మొదలెట్టే ముందు చిత్తు పైపు ముక్క మీద రాడ్డు గీస్తాడు. అతుక్కుపోతే నాబ్ కాస్త పైకి, చిటపటలాడి చిమ్మితే కాస్త కిందికి. మొన్న ఒకాయన కొత్త స్టూలు పట్టుకొచ్చాడు. నాలుగు కాళ్ళకూ అతుకుల దగ్గర అర్ధరూపాయంత బొక్కలు. కుర్రాడు స్టూలుని తిప్పి తిప్పి చూసి, ఏ మిషన్‌తో చేశారని అడిగాడు.

"నాలుగొందల ఆంప్స్‌ది తమ్ముడూ."

"అతుకైతే నూటయాభై సార్. బొక్కలు పూడ్చాలంటే రేటు వేరే."