మాటల్లేని సినిమా తీసే మాటకారి

అతన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని మద్దేడు సంతలో అందరూ సరుకు చూస్తుంటారు. ఒక్కడు మాత్రం రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చట్రం కట్టి, అందులోంచి ఒంటికంటితో ఎండుచేపల కుప్పను చూస్తుంటాడు. కొనడు. అమ్మే ఆమె మొదట అనుమానంగా చూస్తుంది, తర్వాత ధర తగ్గిస్తుంది, ఆ పైన తిడుతుంది. అతను "ఫోర్‌గ్రౌండ్ బాగుంది" అనుకుంటూ బెల్లం దుకాణం వైపు కదులుతాడు.

పేరెందుకు లెండి. ఊరంతా డైరెక్టర్ తమ్మి అంటుంది, ఇంట్లో వాళ్ళ అవ్వతో సహా. ఒక్కడే ఉన్నాడనుకునేరు! భూపాలపట్నంలో ఒకడున్నాడు, బీజాపూర్‌లో కాస్త ఎక్కువే ఉన్నారు, గోదావరి దాటితే ఇక లెక్కే లేదు. చేతిలో ఫోను, మెడలో కెమెరా, నోట్లో "లైట్ పోతోంది" అన్న మాట ఉన్న ప్రతివాడూ ఈ కులంవాడే. నేను చెప్పేది మా ఊరివాడి సంగతి.

మద్దేడులో బస్సెక్కితే భూపాలపట్నం. అక్కడ 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని వాజేడు, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన, ఏటూరునాగారం, ములుగు, వరంగల్ దాటితే హైదరాబాద్. ఆ దారినే తమ్మి, వాళ్ళ బాపు తునికాకు పైసలు మూటగట్టుకుని పోయి, విజువల్ స్టోరీటెల్లింగ్, బేసిక్ ఫిల్మ్ మేకింగ్ అనే కోర్సులో చేరాడు. కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. వస్తూ ఒక పాత కెమెరా, కాలు ఒకటి వదులైన ట్రైపాడ్, బూజు పట్టిన లెన్సు, వాటితోపాటు ఒక వాక్యం తెచ్చుకున్నాడు. "చెప్పొద్దు, చూపించాలె." ఈ వాక్యాన్ని పొద్దున చాయ్ దగ్గర మొదలుపెడితే రాత్రి బువ్వ తినేదాకా చెబుతూనే ఉంటాడు.

సినిమా అంటే దృశ్యం, మాట దానికి శత్రువు అని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతం వెనక వేరే కారణం ఉందని నా అనుమానం. ఇక్కడ మనం మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది హిందీ. తమ్మి డైలాగులన్నీ చక్కటి తెలుగులోనే రాశాడు, కానీ నాగరి అక్షరాల్లో. హైదరాబాద్‌లో పాఠం చెప్పే సారుకు తెలుగొచ్చు, హిందీ వచ్చు, ఆ కాగితం మాత్రం చదవడం రాలేదు. హిందీ అనుకుని చదివితే అర్థం లేదు, తెలుగు అనుకుందామంటే అక్షరం కలవదు. ఆ సాయంత్రమే తమ్మి మాటల్లేని సినిమా వైపు మొగ్గాడట.

కోర్సు చివర మూడు నిమిషాల చిత్రం తీసి పంపాలి. అంశం "మా ఊరి పని". ఇంకేం, ఇప్పపువ్వు. ఫాల్గుణం చివర్లో పువ్వు రాలడం మొదలైతే ఊరు ఊరంతా చెట్ల కిందనే ఉంటుంది. రాత్రి మొదలై తెల్లారేదాకా రాలుతుంది. చెట్టు కింద ఆకులలం ముందే కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు, చీకటి ఉండగానే గంప పట్టుకుని పోతారు. పశువుల కంటే ముందు మనం అందుకోవాలి కదా. పొద్దు పొడిచేసరికి పెద్దవ్వ గంప నిండిపోయింది.

పొద్దు పొడవగానే డైరెక్టర్ తమ్మి దిగాడు. అదేదో గోల్డెన్ అవర్ అట, ఎండ ఏటవాలుగా పడి ముఖాలు బంగారంలాగ వెలిగే సమయం. ముఖం వెలిగింది గానీ నేల మీద పువ్వు లేదు.

"పెద్దవ్వా, జర గంప గుమ్మరియ్యి. మల్ల మొదటిసంది ఏరు."

"ఏంది?"

"రీటేక్ అంటరు దాన్ని."

"నడుములు పొయ్యేటట్టు ఏరింది మల్ల పారబొయ్యాల్నా? రాలిన పువ్వును చెట్టుకెక్కిస్తవా ఏందిరా?"

అతను బతిమాలాడు. ఒక్క షాటు, పెద్దవ్వా. చేతులు మాత్రమే తీస్త, ముఖం కూడా తియ్య. పెద్దవ్వ అతన్ని ఎగాదిగా చూసి, గంప ఎత్తి చెట్టు కింద బోర్లించింది. బోర్లించి, పక్కన రాయి మీద కూర్చుని నోట్లో పొగాకు పెట్టుకుంది. "పోసిన. ఏరుడు నువ్వు ఏరు."

పువ్వును అలా వదిలేసి పోవడానికి లేదు, అది ఆ ఇంటి రాబడి. కెమెరా ట్రైపాడ్ మీదనే ఉండిపోయింది, డైరెక్టరు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఆ బంగారు ఎండంతా అతని వీపు మీదనే పడింది. అప్పుడు మేకలు తోలుకుపోతున్న పిల్లగాడొకడు వచ్చి, ఎర్ర బొత్తం కనిపిస్తే నొక్కి పోయాడు. తర్వాత చూసుకుంటే, ఆ రోజు మొత్తంలో ఫోకస్ సరిగ్గా ఉన్న షాటు అదొక్కటే.

తమ్మికి అవమానం అనిపించలేదు. ఈ జాతికి అవమానం అంటదు, వెంటనే ఒక మహానుభావుడు అడ్డం వస్తాడు. "సత్యజిత్ రాయ్‌కు కూడా గిట్లనే అయింది" అన్నాడు. అబద్ధం కాదు. 1952లో పథేర్ పాంచాలి మొదలుపెట్టినప్పుడు రెల్లుగడ్డి పూలలో అక్కాతమ్ముళ్ళ దృశ్యం కొంత తీసి, వారం తర్వాత వెళితే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్ళీ పూసేదాకా ఏడాది ఆగాల్సి వచ్చింది. పెద్దవ్వ కథంతా వింది. "ఆయన పశువులను తిట్టిండా?" అని అడిగింది. లేదన్నాడు. "మరి నువ్వు నన్నెందుకు గుర్రుగ చూస్తున్నవ్?" అని గంప నెత్తిన పెట్టుకుని పోయింది.

రాయ్ సంగతి వచ్చింది కాబట్టి సుబ్రత మిత్రా సంగతి కూడా రావాలి, వస్తుంది. నీకు కెమెరా పట్టడం వచ్చా అని ఎవరడిగినా జవాబు ఒక్కటే. మిత్రా ఇరవయ్యొకటో ఏట పథేర్ పాంచాలికి కెమెరామన్ అయ్యేనాటికి సినిమా కెమెరా ముట్టి ఎరగడు. ఎదుటివాడు నోరు మూసుకోవలసిందే. కెమెరా ముట్టనివాళ్ళందరూ మిత్రాలు ఎందుకు కాలేదని అడగబోయాను. లైట్ పోతోందని వెళ్ళిపోయాడు.

ఇప్పపువ్వు చేజారాక తునికాకు మీద పడ్డాడు. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలైతే ఒక బస్తా లెక్క. ఆ బస్తాకు సర్కారు ఇచ్చే కూలి 4,000 నుంచి 5,500 రూపాయలైంది. ఇది ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. తమ్మి లెక్క వేరు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, కట్టకు 50 ఆకులు, అంటే ఒక కట్ట రెండు సెకన్ల సినిమా, పైన రెండాకులు మిగులు. ఈ సంగతి కనిపెట్టిన నాడు అతను నిద్రపోలేదు. తెల్లారి వాళ్ళ బాపుకు చెప్పాడు. బాపు కాసేపు ఆలోచించి, "మిగిలిన రెండాకులు ఎవరికి రాసిన్రు?" అన్నాడు.

కట్ట కట్టే చేతుల్ని దగ్గరగా తీయడానికి పోయాడు. చెల్లె ముప్పై ఎనిమిదో ఆకు మీద ఉండగా "కట్" అన్నాడు. పిల్ల కట్టేసింది, ముప్పై ఎనిమిదికే. ఆకు కొనే కల్లం దగ్గర ఆ కట్ట పక్కకు పడింది. అప్పటినుంచి కల్లంలో అతను నోరు తెరవకూడదని తీర్మానం అయింది. మాట్లాడకుండా తీయడం అంటే ఏమిటో అతను మొదటిసారి నేర్చుకున్నది అక్కడే.

గురువులు చెప్పినవాటిలో కులెషోవ్ ప్రయోగం అంటే అతనికి ప్రాణం. సుమారు నూరేళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి భావం లేని ముఖాన్ని తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీని అతికించి చూపించాడు. జనం అదే ముఖంలో ఆకలి చూశారు, దుఃఖం చూశారు, మోహం చూశారు. ముఖం మారలేదు, పక్క దృశ్యం మారింది. ఎడిటింగ్ అంటే అదీ.

మన తమ్మి మేనమామ ముఖాన్ని తీశాడు. భావం లేని ముఖం కోసం వెతకాల్సిన పని లేదు, మామకు అది పుట్టుకతో వచ్చింది. పక్కన అన్నం పళ్ళెం, మరోసారి పందెం కోడి, మరోసారి ఖాళీ మంచం అతికించి, అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి ఫోనులో చూపించాడు. "ఏమనిపిస్తున్నది?"

"ఆ కోడి కింది వాడోళ్ళది. మామ ఇల్లేమో రోడ్డు మీద. ఇక్కడ కూసుండి ఆ కోడిని ఎట్ల చూస్తడు?"

"మంచం మా కాకది. నులక తెగింది, నేనే అల్లిన."

"అన్నం తిన్నడా మామ? పళ్ళెం నిండుగనే ఉన్నది, ఒంట్లో బాగలేదా?"

ప్రయోగం పాడైంది. నిజానికి ఇది తమ్మి తప్పు కాదు. చూసేవాడికి ఆ ముఖం ఎవరిదో, ఆ గిన్నె ఎవరిదో తెలియకపోతేనే కులెషోవ్ పాచిక పారుతుంది. ప్రతి కోడికీ యజమాని, ప్రతి మంచానికీ చరిత్ర ఉన్న ఊళ్ళో రెండు షాట్లు పక్కపక్కన పెడితే పుట్టేది భావం కాదు, విచారణ. ఏ ఫిలిం స్కూలు పుస్తకంలోనూ ఈ సంగతి రాసినట్టు నేను చూడలేదు. అతనైనా థీసిస్‌గా రాసుకోవచ్చు, ఏ లిపిలోనైనా సరే.

నూట ఎనభై డిగ్రీల గీత సంగతీ ఇంతే. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళ మధ్య ఒక గీత ఉందనుకోవాలి, కెమెరా దానికి ఒకే పక్క ఉండాలి, దాటితే చూసేవాడికి ఎవరు ఎటు చూస్తున్నారో తికమక అవుతుంది. ఉందనుకోవడం అతనివల్ల కాక, పక్కింటి వాకిట్లో రెండు మేకుల మధ్య సుతిలి తాడు కట్టాడు. అంతే, ఆ ఇంటి పెద్దాయన లోపలికి పోయి ట్రంకుపెట్టె తీసి పట్టా కాగితాలతో బయటకు వచ్చాడు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినప్పటినుంచి తాడు పట్టుకుని కొలిచినవాళ్ళను ఎందరినో చూశాడాయన, కెమెరా పట్టుకున్నవాణ్ణి మాత్రం నమ్మలేదు. తాడు విప్పేదాకా కదల్లేదు. విప్పాక కూడా మేకులున్న చోట గుర్తుగా రెండు రాళ్ళు పాతుకున్నాడు.

స్టోరీబోర్డు కథ మాత్రం కొంచెం గుండె దడతో వినవలసింది. తీయబోయే ప్రతి షాటునూ ముందే బొమ్మ గీసుకోవాలని పాఠం. "బాపు గట్లనే గీసుకునేటోడు" అంటాడు తమ్మి, సాక్షి సినిమా తీసిన బాపు గురించి. "నీ బాపు గీసుడేంది, సంతకమే సక్కగ పెట్టరాదు" అంటుంది అవ్వ. సరే, గీశాడు. రోడ్డు, మలుపు, కల్వర్టు, కల్వర్టు దగ్గర ఒక ఇంటూ గుర్తు, అటునుంచి ఇటు బాణాలు, ఇటునుంచి అటు బాణాలు. గోనెసంచిలో చుట్టిన పొడుగాటి ట్రైపాడ్ భుజాన వేసుకుని, ఈ కాగితం జేబులో పెట్టుకుని బీజాపూర్ జిల్లాలో రోడ్డు మీద నడిచి పోయే మనిషి ధైర్యవంతుడైనా కావాలి, సినిమా విద్యార్థి అయినా కావాలి.

నాకా దగ్గర జవాన్లు ఆపారు. కాగితం చేతులు మారింది.

"ఈ బాణాలేంటి?"

"కెమెరా ఇటునుంచి ఇటు పోతది సార్."

"ఈ ఇంటూ గుర్తు?"

"అక్కడ హీరో ఆగుతడు."

"ఎందుకు ఆగుతాడు?"

తమ్మి దగ్గర జవాబు లేదు. హీరో ఎందుకు ఆగుతాడన్న ప్రశ్న ఆ క్షణందాకా అతనికే రాలేదు. అయినా ఆగితే కదా, కథ మొదటినుంచి ఎత్తుకున్నాడు. షాటు షాటుకూ నిలబడి, కూర్చుని, నేల మీద పడుకుని చూపించాడు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా జవాను "సరే, వెళ్ళు" అంటూనే ఉన్నాడు. వీడు వెళ్ళడు, క్లైమాక్సు మిగిలింది. చివరికి చేయి పట్టుకుని రోడ్డెక్కించారు. వాళ్ళలో ఒకడు మాత్రం వెంటవచ్చి, విలన్ వేషం ఉంటే తాను వేస్తానని చెవిలో చెప్పాడట.

బస్తర్‌లో సినిమా ఏమిటని ఎవరైనా నవ్వితే అతని దగ్గర పెద్ద తుపాకీ ఒకటుంది. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ నారాయణపూర్ దగ్గరి గఢ్‌బెంగాల్‌కు వచ్చి, పులితో ఆడుకునే చెంద్రూ అనే మురియా పిల్లవాణ్ణి పెట్టి సినిమా తీశాడు, అది 1957లో విడుదలైంది. రవిశంకర్ సంగీతం. మరుసటేడు కేన్స్‌కు వెళ్ళింది. పిల్లవాణ్ణి స్వీడన్ కూడా తీసుకుపోయారు. ఇంత చెప్పి తమ్మి అరుగు మీద అందరివంకా గెలిచినట్టు చూస్తాడు. ఆ పిల్లగాడు తర్వాత ఏమైండని కాక అడుగుతాడు. మళ్ళీ ఊరికొచ్చి, బీదరికంలోనే బతికి, 2013లో పోయాడని చెప్పాల్సి వస్తుంది. ఈ భాగం చెప్పేటప్పుడు మాత్రం తమ్మి వేళ్ళతో చట్రం కట్టడు. "నేనైతే పెద్దవ్వకు కూలి ఇస్త" అని మెల్లగా అంటాడు. ఇచ్చాడు కూడా, ఆ రోజు బోర్లించిన గంపకు.

మూడు నిమిషాల సినిమా చివరికి పూర్తయింది. వాకిట్లో తెల్ల పంచె కట్టి, అరువు ప్రొజెక్టరు పెట్టి, ఊరిని పిలిచాడు. పేరు పడింది, చెట్టు పడింది, కరెంటు పోయింది. జనం లేవబోయారు. తమ్మి చీకట్లోనే లేచి నిలబడి, "ఇప్పుడు వైడ్ షాటుల చెట్టు కనవడ్తది" అని మొదలుపెట్టాడు. పువ్వు రాలిన చప్పుడు నోటితో చేశాడు. మేకలు నడిచాయి. పెద్దవ్వ గొంతు పెట్టి తనను తాను తిట్టుకున్నాడు. పిల్లలు దగ్గరికి జరిగారు, మేనమామ నవ్వాడని కూడా అంటున్నారు, చీకట్లో సాక్ష్యం లేదు. సగంలో కరెంటు వచ్చి పంచె మీద బొమ్మ కదిలింది. "బంద్ పెట్టురా అది, చెప్పుడు కానియ్యి" అని పెద్దవ్వ కేకేసింది.

నా మట్టుకు నాకు తమ్మిలోని ఇద్దరిలో కథకుడే బాగా నచ్చాడు. ఫిల్మ్ మేకర్‌కు ఇంకా టైముంది. హైదరాబాద్ సారు సినిమా చూసి, ఆ ఒక్క షాటు, ఎవరో కుర్రవాడు వంగి పూలు ఏరేది, చాలా సహజంగా ఉందని రాశాడట. తీసింది ఎవరని అడిగాడట. జవాబు ఇంకా పోలేదు.

వచ్చే ఫాల్గుణంలో మళ్ళీ తీస్తాడు, ఈసారి చీకట్లోనే మొదలుపెడతానంటున్నాడు. ఫోకస్ పట్టడం వచ్చినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే మద్దేడు రండి. తెల్లవారుజామున లేవాలి, జీతం లేదు, వేయించిన ఇప్పపువ్వు పెడతారు. గంప మాత్రం మీరు తెచ్చుకోండి.