మెట్టుగూడలో మేపుల్ ఆకు

బడి సృజనను చంపేస్తుందని సికింద్రాబాద్ మెట్టుగూడలో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు. మంచిదే. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సారు ఏనాడో మింగేశాడు, అందులో అబద్ధమేమీ లేదు. తీరా ఇంట్లో కూర్చోబెట్టాక ఈ తల్లిదండ్రులు చేసిన మొదటి పని ఏమిటి? సిలబస్ కొనడం. ముప్పై ఆరు వారాల ఆర్ట్ కరికులం. వారానికో లక్ష్యం, లక్ష్యానికో వర్క్‌షీటు, చివర మార్కుల పట్టిక. ధర డాలర్లలో. గేటు బయట వదిలేసి వచ్చామనుకున్న బడిని కొరియర్ కుర్రాడు లిఫ్టులో మూడో అంతస్తుకు చేర్చి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

మెట్టుగూడలో ఇద్దరు హోమ్‌స్కూల్ తల్లులు ఎదురుపడితే, వెనకటి పెళ్లిచూపుల్లో "మీదే శాఖ?" అని అడిగినట్టు, "మీరు షార్లెట్ మేసనా, వాల్డోర్ఫా?" అని అడుగుతున్నారు.

షార్లెట్ మేసన్ 1923లో పోయిన ఇంగ్లండు విద్యావేత్త. టర్ముకో చిత్రకారుణ్ణి తీసుకుని, ఆయన బొమ్మలు ఓ ఆరు పిల్లల ముందు పెట్టి, చూసింది వాళ్ల మాటల్లోనే చెప్పించమంది. పద్ధతికి వంక పెట్టలేం. ఆ చిత్రకారుడు ప్రతి ఇంట్లోనూ కలువలు గీసిన ఫ్రెంచివాడు మోనేయే ఎందుకు కావాలన్నదే నా గొడవ. కలువలు మన చెరువుల్లో పూయవా? సిద్దిపేట బడిలో డ్రాయింగ్ మాస్టారుగా ఉంటూ బోనాలనూ బతుకమ్మనూ బొమ్మ కట్టిన కాపు రాజయ్య ఏ టర్ములోనూ పట్టడా? తోట వైకుంఠం చేసిన నేరం బూరుగుపల్లిలో పుట్టడమేనా?

వాల్డోర్ఫ్ సంగతి ఇంకా ముచ్చట. 1919లో స్టుట్‌గార్ట్‌లో ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం మొదలైన బడి అది. మెట్టుగూడ రైల్వే కార్మికుల పేట కాబట్టి పద్ధతి అచ్చంగా అతుకుతుంది, క్రేయాన్ల ధర తప్ప. తేనెమైనంతో చేసిన ఆ క్రేయాన్లు సముద్రాలు దాటి వచ్చాయి. చాలా వాల్డోర్ఫ్ కిండర్‌గార్టెన్లలో పసిపిల్లలకు నల్లరంగు చేతికివ్వరు. ఈ క్రేయాన్ల పెట్టెలోనూ లేదు.

"మమ్మీ, బర్రెకు ఏ రంగు వెయ్యాలె?"

"ఊదా వెయ్ కన్నా."

బొగ్గింజన్ల పొగ మింగి పెరిగిన పేటలో నలుపుకు ప్రవేశం లేదు.

అక్టోబరు వచ్చింది. కరికులంలో శరదృతువు, అంటే మేపుల్ ఆకులు. కింద అపార్ట్‌మెంటు వాకిట్లో ఆడవాళ్లు గునుగు పూలను రంగుల్లో ముంచి ఆరబెడుతున్నారు. తంగేడు పసుపు మీద ఏ రంగు వరస రావాలో వాదించుకుంటున్నారు, పైకి పోయేకొద్దీ వలయం ఎంత తగ్గాలో చూపుతోనే కొలుస్తున్నారు. మూడో అంతస్తులో మన బాబు నారింజ కాగితాన్ని మేపుల్ ఆకుగా కత్తిరిస్తున్నాడు. ఆ చెట్టును వాడు చూడలేదు, వాళ్లమ్మా చూడలేదు. బతుకమ్మ ఫోటో మాత్రం తీశారు, "సాంస్కృతిక పరిచయం" గడిలో టిక్కు పెట్టాలిగా. డిసెంబరులో దూదితో మంచు మనిషి. మేలో ఏం చేయిస్తారో? వడదెబ్బకు వర్క్‌షీటు ఉన్నట్టు లేదు.

ఇదే ఇంట్లో ఒక తాత ఉన్నాడు. లాలాగూడ వర్క్‌షాపులో పెయింటరుగా రిటైరయ్యాడు. రైలు పెట్టెల మీద మూడు భాషల్లో అక్షరాలు దిద్దిన చెయ్యి. దారానికి సుద్ద రాసి, రెండు కొసలా బిగబట్టి టప్పున మీటితే ఎంత పొడవైనా గీత వంకరపోదు. అది మనవడికి చూపిద్దామని పాపం దారపుండ పట్టుకొచ్చాడు.

"మామయ్యా, వాడికి 'లైన్' యూనిట్ నడుస్తోంది. మధ్యలో డిస్టర్బ్ చేయకండి."

చేతిలో పనితనాన్ని పసిగట్టినవాళ్లూ ఉన్నారు. ఒకప్పటి రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లేయుడు. అయినా దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఏముందో పసిగట్టి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకు పంపాడు. 28 నిండకుండానే 1925లో మశూచితో పోయిన ఆ కుర్రాడి బొమ్మలు రాజమండ్రిలో ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లండు నుంచి వచ్చినవాడికి మన పిల్లవాడి చెయ్యి కనపడింది. మెట్టుగూడలో ఉన్నవాళ్లకు సొంత మామగారి చెయ్యే కనపడదు.

చేర్యాల పటం సంగతి ఎత్తితే "అది క్రాఫ్ట్ కదండీ, ఆర్ట్ కాదు" అంటారు. ఖాదీ గుడ్డకు సుద్దమట్టీ చింతగింజల జిగురూ పట్టించి, ఎర్రటి నేల మీద మార్కండేయ పురాణమంతా వరస కట్టి గీసిన ఆ పటాన్ని పద్మశాలీల వాకిట కూనపులి వారు కథ చెబుతూ ఒక్కొక్క ఘట్టంగా విప్పుతారు. విషువల్ స్టోరీ టెల్లింగ్ అని పేరు పెట్టి డాలర్లలో అమ్మితే ఇదే జనం క్యూ కడతారు.

ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) పదో తరగతిలో పెయింటింగ్ ఒక సబ్జెక్టు. ఇంటి చదువు పిల్లలు చాలామంది రాసేది ఆ పరీక్షలే. మీవాడు పెయింటింగ్ తీసుకుంటాడా అని అడిగి చూడండి. "స్కోరింగ్ కాదండీ!" సృజన కోసమేగా బడి మాన్పించింది!

అయ్యా, అమ్మా, ఆ కరికులం వాపసు తీసుకుంటారేమో కనుక్కోండి. మెట్టుగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. మోజు తీరకపోతే యూరప్ బొమ్మలూ ఉన్నాయక్కడ. తాతనూ తీసుకెళ్లండి. వారపు సెలవు శుక్రవారం. మీవాడికి బడి లేదు గనక మంగళవారమైనా వెళ్లొచ్చు.