పెంకు పైన, ఏసీ లోన

హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు దాటగానే మన పూర్వీకులు బారులు తీరి కనిపిస్తారు, హోర్డింగుల మీద. ఒకాయన మండువాలో వాలుకుర్చీ వేసుకుని ఉంటాడు. ఒకావిడ అరుగు మీద ఇత్తడి చెంబు పట్టుకుని నవ్వుతుంటుంది. కింద అక్షరాలు: సంప్రదాయం, ఆధునికత కలబోసిన పర్యావరణహిత విల్లాలు. ఆరు వేల చదరపు అడుగులు, హోం థియేటర్, మూడు కార్లకు చోటు. ఉండబోయేది ముగ్గురు. భూమాతను కాపాడాలంటే మరి ఆ మాత్రం చోటు కావద్దా!

విల్లా లోపలికి వెళ్తే మొదట చూపించేది మండువానే. గోదావరి జిల్లాల లోగిళ్లలో మండువా అంటే ఇంటి నడుమ ఆకాశం. నాలుగు వైపుల నుంచి పెంకు చూరు లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్లు మధ్యలో పడి తూము గుండా బయటికి పోతాయి. పగలు వేడెక్కిన గాలి ఆ ఖాళీలోంచి పైకి వెళ్లిపోతుంది, రాత్రి చల్లబడ్డ గాలి కిందికి దిగి చుట్టూ వసారాల్లోకి పాకుతుంది. విల్లా మండువాకి మాత్రం గాజు మూత వేశారు. దోమలొస్తాయి, దుమ్మొస్తుంది, వానొస్తుంది, అన్నిటికీ మించి ఏసీ చల్లదనం పోతుంది కదా! ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. అద్దాలెత్తి ఎండలో నిలిపిన కారు చేసే పనే ఇదీ చేస్తుంది. ఆ వేడిని దించడానికి అదనంగా ఇంకో ఏసీ. దాన్ని చెక్క జాలీ వెనక దాచారు. సంప్రదాయానికి భంగం రాకూడదుగా.

చుట్టూ నిలబెట్టిన స్తంభాలు తమిళనాడులోని కారైకుడి పాత సామాన్ల కొట్ల నుంచి తెచ్చారట. ఎవరి ఇల్లో కూలితే తప్ప ఆ కొట్లకు స్తంభాలు రావు. పాత ఇంటిని పడగొట్టి, పాత ఇంటిలా కనిపించే ఇల్లు కట్టడమే మన వారసత్వ పరిరక్షణ. ఒకసారి తలెత్తి చూడండి. స్తంభం తలకీ స్లాబుకీ మధ్య సందులో విజిటింగ్ కార్డు దూర్చవచ్చు. నూరేళ్లు చూరు మోసింది, ఇప్పుడు అలంకారప్రాయం. పక్కనున్న ‘టేకు’ దూలాన్ని వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. లోపల ఇనుప గొట్టం, పైన చెక్క రంగు షీటు. ఇక గోడ మట్టిది కాదు, మట్టి రంగుది.

పెంకుల సంగతి ఇంకా ముచ్చటైనది. వాసాల మీద పేర్చిన పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఇక్కడ ముందు ఏటవాలు కాంక్రీటు స్లాబు పోశారు, దానిమీద సిమెంటుతో పెంకులు అతికించారు. స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి పడకగదిలో కక్కుతుంది. లారీ బేకర్ కూడా పెంకుల్నీ కాంక్రీటునీ కలిపాడు. బర్మింగ్‌హాంలో పుట్టి, కేరళలో వందలాది ఇళ్లు కట్టిన ఆర్కిటెక్ట్ ఆయన. స్లాబు అడుగున ఇనప చువ్వల మధ్య ఉండే కాంక్రీటు బరువే తప్ప బలం కాదని, ఆ చోట పాత పెంకులు పెట్టి సిమెంటు మిగిల్చాడు. నిలువుగా ఇటుకలు పేర్చి గోడ నడుమ ఖాళీ వదిలే పద్ధతిలో ఇటుకలు దాదాపు పాతిక శాతం తగ్గించాడు. సంప్రదాయం, ఆధునికత కలవడమంటే అదీ. ఆయన పెంకు స్లాబు కడుపులో పని చేసింది, మన పెంకు స్లాబు నెత్తిన ఫోటో దిగుతోంది.

ఇంటి సామగ్రి ఐదు మైళ్ల లోపు దొరికేదై ఉండాలని గాంధీజీ తనతో అన్న మాటను బేకర్ జీవితాంతం పట్టుకున్నాడు. మన పర్యావరణహిత విల్లాకి పాలరాయి ఇటలీ నుంచి, స్తంభాలు తమిళనాడు నుంచి వచ్చాయి. తాండూరు బండ పక్క జిల్లాలోనే దొరుకుతుంది గానీ అది మరీ మనదైపోయింది, చులకన. ఐదు మైళ్ల లోపు దొరికినవి బోరు నీళ్లు మాత్రమే. ఇప్పుడు అవీ ట్యాంకరులో వస్తున్నాయి.

పైగా సంప్రదాయం అంటే ఏ ఊరి సంప్రదాయం? వాన తక్కువ, ఎండ ఎక్కువ గల రాయలసీమలో దళసరి గోడల మీద మట్టి మిద్దెలు కట్టుకున్నారు. వాన దంచే గోదావరి వైపు పెంకు వాలు పెట్టుకున్నారు. తుపాను గాలి కొట్టే ఉత్తరాంధ్ర తీరంలో చూరు నేలకి వంగిన చుట్టిళ్లు కట్టారు. హైదరాబాద్ శివారు శంకరపల్లి రాతి నేల మీద కేరళ కప్పు, చెట్టినాడు స్తంభం, రాజస్థాన్ జరోకా కిటికీ ఒకే ఇంట్లో కలిపిన ఘనత మాత్రం మనదే. వాతావరణం తప్ప అన్నీ కలిశాయి.

పాత ఇళ్లన్నీ స్వర్గాలని ఎవరూ అనడం లేదు. చీకటి గదులు, వంటింటి పొగ, చెదలు, ఏటా వానలకు ముందు పెంకులు సర్దించడం, పండక్కి సున్నం కొట్టించడం, అన్నీ ఉండేవి. ఆ చాకిరీ వద్దనుకోవడంలో తప్పు లేదు. చాకిరీని తీసేసి, బొమ్మను మాత్రం ఉంచి, దానికి చదరపు అడుగుకి ఇంత అని అదనంగా గుంజడమే తమాషా.

నిజంగా కలపాలనుకుంటే దారులు లేకపోలేదు. హైటెక్ సిటీ దగ్గరే సీఐఐ–గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. నడిమి వాకిలి, జాలీలు, గాలి బురుజులు పెట్టి కట్టిన ఆ భవనానికి హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు, అమెరికా బయట మొట్టమొదటిది, 2003లో వచ్చింది. అంత ఖర్చు వద్దనుకుంటే డాబా మీద తెల్ల పూత వేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరుస్తామంది. కానీ తెల్ల డాబాతో ఒక చిక్కుంది. అది బ్రోచర్‌లో కనిపించదు.

కొనేవాళ్లమూ తక్కువ తినలేదు. ఈశాన్యం ఎంత పెరిగింది, సింహద్వారం తూర్పుకేనా అని దిక్సూచి పట్టుకుని మరీ అడుగుతాం. పడమటి ఎండ ఏ గోడకి తగులుతుంది, గాలి ఎటు వచ్చి ఎటు పోతుంది అని అడగం. అందుకే నిలువెత్తు గాజు గోడను పడమర పెట్టి, దానికి ‘సూర్యాస్తమయ దృశ్యం’ అని పేరు పెట్టి, ధర పెంచి అమ్ముతున్నారు. వాస్తు పురుషుడు క్షేమంగానే ఉన్నాడు, ఇంట్లో పురుషుడికే చెమటలు.

కనుక కొనేముందు ఒక చిన్న పరీక్ష. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మోడల్ విల్లాకి వెళ్లండి. ఏసీలన్నీ ఆపించండి. ఆ గాజు మూత కింద మండువాలో ఒక అరగంట కూర్చోండి. సేల్స్ అబ్బాయి కూడా మీ పక్కనే అరగంటా కూర్చుంటే, అడ్వాన్సు ఇచ్చేయండి.