విప్పే శ్రమ లేకుండా రాస్తున్న ఉత్తరం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర హోం శాఖ వారికి,

పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్ నుంచి ఒక రిటైర్డ్ బొగ్గు బాయి కార్మికుడు నమస్కరించి రాయునది.

కవరు అంటించి పంపుదామనే అనుకున్నాను. కానీ 2023 నాటి పోస్టాఫీసు చట్టం 9వ సెక్షన్ ప్రకారం కేంద్రం అధికారమిచ్చిన ఆఫీసరు దేశ భద్రత కోసమో, శాంతిభద్రతల కోసమో ఏ ఉత్తరాన్నయినా ఆపి విప్పి చూడొచ్చట. విప్పడం, చదవడం, మళ్లీ అంటించడం, సర్కారుకు ఇంత పనెందుకని బహిరంగంగానే రాస్తున్నాను. ఇకమీదట నా సమాచారం నేనే ఇస్తాను. చుట్టుపక్కల వాళ్లను అడిగి ఇబ్బంది పెట్టకండి.

రాసుకోండి. పొద్దున్నే లేస్తాను, అలవాటు పోలేదు. వీలైనప్పుడల్లా ఆదివరాహస్వామి గుడికి పోతాను. ఏం మొక్కుకున్నానో మాత్రం చెప్పను, అది స్వామికీ నాకూ మధ్య ముచ్చట. హోటల్ కాడ చాయ్ తాగుతూ ప్రభుత్వాన్ని తిడతాను. ఏ ప్రభుత్వమున్నా తిడతాను కాబట్టి నా ఫైల్లో పార్టీ పేరు రాసే గడి ఖాళీగా వదిలేయండి.

ఒక్క సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానమని మీవాళ్లు ప్రతి మీటింగులో చెబుతారు. ఆ లెక్కన ఒక చౌరస్తాకు నాలుగు పెడితే నాలుగువందల మంది. 1978లో జగిత్యాల, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు కూడా ఒక్క చౌరస్తాకు అంతమందిని పంపి ఉండరు. పైగా ఈ నాలుగువందల మంది జీతం మా చందా. ‘నేను సైతం’ అని పేరు పెట్టి దుకాణదారుల దగ్గర, కాలనీల దగ్గర డబ్బు పోగుచేసి కెమెరాలు పెట్టించారు. గొలుసు దొంగలు దొరికారు, కాదనను. ఆడపిల్ల చీకటిపడ్డాక ధైర్యంగా నడవగలిగితే అదీ మంచిదే.

లెక్కలో ఉండటం నాకు కొత్తా కాదు, కష్టమూ కాదు. బాయిలోకి దిగే ముందు హాజరు పడాలి, ల్యాంప్ రూమ్‌లో నంబరు దీపం తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక ఏ నంబరు దీపం తిరిగి రాలేదో చూసి ఆ మనిషి కోసం వెతికేవారు. ఆ పుస్తకం ఎవరు రాస్తున్నారో, ఎందుకు రాస్తున్నారో నాకు తెలుసు. చౌరస్తా కెమెరా వెనక పుస్తకం ఎవరి చేతిలో ఉందో తెలియదు.

ఇక అనుమానం ఉన్నవాళ్ల సమాచారమివ్వమని మీరు వేసే పోస్టర్ల మీద చివరి లైను: సమాచారమిచ్చినవారి పేరు గోప్యంగా ఉంచబడును. అంటే చాడీ చెప్పినోడికి గోప్యత ఉంది, ఎవరి మీద చెప్పాడో వాడికి లేదు. అయ్యా, ఈ పని మాకు కొత్త కాదు. సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) రోజుల్లో, ఎనభైల్లో, తొంభైల్లో, నక్సలైట్ అన్నలకు అన్నం పెట్టినోడి పేరు స్టేషన్‌కు చేరేది. స్టేషన్ మెట్లెక్కినోడి పేరు అడవికి చేరేది. ఒక లిస్టులో సానుభూతిపరుడు, ఇంకో లిస్టులో ఇన్ఫార్మర్. గెట్టు పంచాయితీ ఉన్నోడు, అప్పు ఎగ్గొట్టదలచినోడు ఎటు వీలైతే అటు పేర్లు మోశాడు. ఒకడు ఠాణా నుంచి నడవలేక వచ్చాడు, ఒకడు పొద్దున్నే రోడ్డు మీద శవమై దొరికాడు. చెప్పింది నిజమేనా అని అడిగే తీరిక రెండు వైపులా లేదు. ఇప్పుడు అదే పనికి యాప్ వచ్చింది, ఫొటో తీసి పంపితే చాలు.

అమెరికా కూడా 2002లో ఆపరేషన్ టిప్స్ పేరుతో మీటరు రీడింగ్ తీసేవాళ్లు, లారీ డ్రైవర్లు వంటివారి చేత అనుమానాలు రాయించుకోవాలని చూసింది. అక్కడి తపాలా శాఖ ఆ పని మేం చేయబోమని చెప్పింది. ఆ ఏడాదే అక్కడి పార్లమెంటు చట్టం చేసి దాన్ని ఆపింది.

మీ పుస్తకాల సంగతికొస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజా భద్రత చట్టం ప్రకారం వందమంది చేరే చోట కెమెరాలు పెట్టాలి, 30 రోజుల రికార్డు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. బాగుంది. మరి మావోయిస్టుల కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో ప్రతిపక్ష నాయకుల, జర్నలిస్టుల ఫోన్లు విన్నారని 2024 మార్చిలో కేసు బయటికొచ్చింది. 2023 ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని, ముక్కలు మూసీలో కలిశాయని అభియోగం. తీర్పు చెప్పడానికి నేనెవణ్ని. కానీ కల్యాణ మండపం ఓనరు పెళ్లి భోజనాల వీడియో నెల రోజులు భద్రంగా దాస్తుంటే, రాష్ట్ర రహస్యాలు రాత్రికి రాత్రి నదిలోకి పోయాయన్న మాట వినాల్సి రావడం మాకు చిన్నతనంగా ఉంది.

మాకు దగ్గర్లోని కల్వచర్ల కాడ 2021 ఫిబ్రవరి 17న పట్టపగలు వకీళ్లు వామన్‌రావు, నాగమణి దంపతులను నరికి చంపారు. మంథని ఠాణాలో ఒక మనిషి చనిపోతే హైకోర్టుకు మొరపెట్టినవారు వాళ్లు. ఆ రోడ్డు మీద జరిగింది రాష్ట్రమంతా చూసింది ఎవరి పుణ్యం? దారిన పోయేవాళ్లు సెల్‌ఫోన్లలో తీసిన వీడియోల పుణ్యం. ఆ కేసును 2025లో సుప్రీంకోర్టు సీబీఐకి ఇచ్చింది.

అందుకని ఇంకో పోస్టర్ వేయించండి. ఠాణాలో దెబ్బలు పడినా, ఆఫీసులో చేయి తడిపితే తప్ప ఫైలు కదలకపోయినా ఫొటో తీసి పంపండి, మీ పేరు గోప్యంగా ఉంచబడును అని. మీవాళ్లు తీసే ఫొటోల సంగతి వేరు. 2021 మేలో హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను కరోనా మాస్కు తీయమని అడిగి పోలీసులు ఫొటో తీసుకున్నారు. ఎందుకో చెప్పమని ఆయన హైకోర్టుదాకా పోవాల్సి వచ్చింది. కాబట్టి ప్రతి కెమెరా గదిలో ఒక రిజిస్టరు పెట్టండి. ఏ తేదీన ఎవరి దృశ్యం ఎవరు చూశారో, ఏ పని మీద చూశారో అందులో రాయండి. నా పేరున్న పేజీ నేనొచ్చి అడిగితే చూపించండి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు కదా, నేను కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

జవాబు పంపడానికి నా అడ్రసు ఇక్కడ రాయడం లేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వేకు ఇంట్లో కూర్చుని రాయించాను, 2024లో ఇంటింటి సర్వే వచ్చినప్పుడు మళ్లీ రాయించాను. మీ దగ్గర రెండు కాపీలుండాలి.

ఇట్లు,
మీకు ఇదివరకే తెలిసినవాడు