కాటు పేదోడికి, విషం పెద్దోడికి

పాము విషం మీద పరిశోధన జరగడం లేదని ఎవరన్నారు? భేషుగ్గా జరిగింది. బ్రెజిల్‌లో జరరాకా అనే పింజరి జాతి పాము ఉంది. అది కరిస్తే రక్తపోటు ధబేలున పడిపోతుంది. ఎందుకు పడిపోతోందో శాస్త్రవేత్తలు తవ్వి తీశారు. దాని ఆధారంగా తయారైన కాప్టోప్రిల్ అనే బీపీ బిళ్లకు 1981లో అమెరికా ఆమోదముద్ర పడింది. మన మెట్టచేలలో తిరిగే చిన్నపింజరి విషంలో ఎకిస్టాటిన్ అనే ప్రొటీన్ ఉంది. దాన్ని నమూనాగా పెట్టుకుని టిరోఫిబాన్ తయారుచేశారు. గుండెపోటు వచ్చిన పెద్దమనిషికి ఏసీ గదిలో నరానికి ఎక్కిస్తున్నారు. మంచిదే. గుండెలు బాగుండాలి.

అదే చిన్నపింజరి అనంతపురం వేరుశనగ చేలో కలుపు తీసే ఆడమనిషిని కరిచిందనుకోండి. ఆమెకేం ఎక్కిస్తారు? 1890లలో ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు చూపించిన దారిలో చేసిన మందు. గుర్రానికి విషం కొద్దికొద్దిగా ఎక్కించడం, దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీలు తీసి మనిషికివ్వడం. శుద్ధి చేసే తీరు మెరుగైంది. మూలం మాత్రం ముత్తాతల నాటిదే. పాము ఒకటే, విషం ఒకటే. తేడా ఎక్కడుందో మీకు నేను చెప్పాలా?

ఆ మందుకైనా ముడిసరుకు ఎక్కణ్నుంచి వస్తోంది? సింహభాగం మహాబలిపురం దగ్గర వడనెమ్మేలి నుంచి. 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘమది. పాముల్ని మట్టికుండల్లో ఉంచి మూతికి గుడ్డ కడతారు. తల ఒడుపుగా పట్టుకుని, గాజుపాత్ర మీద బిగించిన పొరను కొరికిస్తారు. పాత్రలోకి నాలుగు చుక్కలు దిగుతాయి. అలా కొన్నిసార్లు విషం తీశాక పామును మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశం ప్రాణాలు ఆ చేతి ఒడుపు మీద నిలబడి ఉన్నాయి. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరులలకు పద్మశ్రీ ఇచ్చాం. చప్పట్లు కొట్టాం. బాధ్యత తీరిపోయింది.

తమిళనాడు పాము విషంతో చేసిన మందు రాజస్థాన్ పాముకు పనిచేస్తుందా? బెంగళూరు ఐఐఎస్‌సీలో కార్తీక్ సునగర్ బృందం ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. ఒకే జాతి పామైనా ప్రాంతం మారితే విషం మారుతుందని, చాలాచోట్ల ఈ మందు నీరసంగా పనిచేస్తోందని. మన ప్రమాణం ఏం చెబుతుంది? ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని విరిచెయ్యాలట. ఏ ఊరి నాగుపాము సార్? సీసాలో ఉన్నది నాలుగు పాములకే విరుగుడు. నాగు, కట్ల, రక్తపింజరి, చిన్నపింజరి. అయిదోది కరిస్తే? జాబితాలో లేని పామును తొక్కడం నీదే తప్పు!

సరే, ల్యాబుల గొడవ వదిలేద్దాం. ఊళ్లోకి రండి. పింజరి విషం ఒంట్లోకి ఎక్కితే రక్తం గడ్డకట్టదు. అది తేల్చుకోవడానికి కోట్ల యంత్రం అక్కర్లేదు. ఒక గాజు గొట్టం చాలు. రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టాలి. తర్వాత ఒంచి చూడాలి. రక్తం నీళ్లలా జారితే వెంటనే విరుగుడు మొదలుపెట్టాలి. గొట్టం ప్లాస్టిక్‌ది కాకూడదు, సబ్బుతో కడిగింది కాకూడదు. అంతే, రహస్యమేమీ లేదు. మీ పీహెచ్‌సీలో ఆ గొట్టం ఉందా? వెళ్లి అడిగి రండి. ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అనే చీటీ మాత్రం తప్పకుండా ఉంటుంది. దానికి కొరత రావడం ఎప్పుడైనా చూశారా? మందు వికటిస్తే తన మెడకు చుట్టుకుంటుందని అక్కడి డాక్టరు భయం. వికటిస్తే ఇవ్వాల్సిన అడ్రినలిన్ సూది పక్క అల్మారాలోనే ఉండాలి. కానీ పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. అంబులెన్సు ఎక్కించేస్తే చచ్చినా దారిలో చస్తాడు. రికార్డు శుభ్రం.

ఇక సర్కారు వారి సైన్సు చూద్దామా? 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు వరసపెట్టాయి. పొలానికెళ్లాలంటే జనం హడలిపోయారు. అధికారులు కదిలారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి సన్నిధిలో సర్పయాగం చేయించారు. దండం పెట్టుకునేవాళ్లను నేనేమీ అనను, అది వాళ్ల నమ్మకం. ఆఫీసులో కూర్చుని జీతం తీసుకునేవాడి పని కూడా స్వామికే అప్పగిస్తే ఎలా?

పాముకేనా ఈ భాగ్యం? బోదకాలు సంగతి చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1947లోనే అమెరికాలో ఆ జబ్బు తెచ్చే పురుగుకు మందు కనిపెట్టింది. మనవాడే, మన మందే అని ఉపన్యాసాలకు లోటు లేదు. 2015కల్లా బోదకాలు లేకుండా చేస్తామన్నారు. ఇప్పుడు 2027 అంటున్నారు. దోమలు పుట్టే మురుగు కాలువ ఎక్కడిదక్కడే ఉంది. తేదీ ఒక్కటే ప్రవహిస్తోంది.

మళ్లీ పాము దగ్గరికే వద్దాం. అసలు చచ్చేవాళ్లెందరు? 2020లో వచ్చిన అధ్యయనం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని తేల్చింది. ఏటా సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోనే, ఇళ్లలోనే పోయారు. అత్యధికంగా చస్తున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కేంద్రం దగ్గరికి నమోదై చేరుతున్న లెక్కో? ఏటా సుమారు 2 వేలు! మిగతావాళ్లు ఏ పుట్టలో దూరారు?

లెక్కలు రాయడం మనవాళ్లకు రాదనుకునేరు. మధ్యప్రదేశ్‌లో పాముకాటు మరణానికి 4 లక్షల పరిహారం ఉంది. సివనీ జిల్లాలో ఒకే మనిషిని దాదాపు 30 సార్లు పాము చేత కరిపించి, 30 సార్లు చంపి, డబ్బు నొక్కేసిన వ్యవహారం 2025లో బయటపడింది. ఇలాంటి దొంగ చావులన్నీ కలిపి మొత్తం 11 కోట్ల పైచిలుకు. చేలో నిజంగా చచ్చినవాడు రికార్డుకు ఎక్కడు. కాగితం మీద పాముకు మాత్రం విసుగూ విరామం లేవు.

ఇప్పుడు కొత్త కార్యాచరణ ప్రణాళిక ఉంది. 2024 మార్చిలో కేంద్రం విడుదల చేసింది. 2030 నాటికి పాముకాటు మరణాలు సగానికి తగ్గిస్తారట. ఏ లెక్కలో సగం? 58 వేలలోనా, 2 వేలలోనా? మొదటిదైతే గాజు గొట్టాలు కొనాలి, మందు మార్చాలి, డాక్టర్లకు నేర్పాలి. రెండోదైతే ఖర్చేమీ లేదు. ఇప్పుడు రాస్తున్న పేర్లలో సగం రాయకపోతే సరి.